తాంబూలంలో వచ్చిన లైటు

మా ఇంట్లో నేనిప్పుడు గట్టిగా మాట్లాడను. మా ఆయనకేమో చెవుడు. ఈ రెండూ ఒక కప్పు కింద ఎట్లా కాపురం చేస్తున్నాయో చూడాలంటే మధ్యాహ్నం భోజనాల వేళకి మా వంటింటికి రావాలి. చారు పొయ్యనా అని నేను గొణుగుతాను. ఆయన లేచి వెళ్ళి వీధి తలుపు తీసి, ఎవరూ లేరే అంటూ తిరిగొస్తారు. ఇక విసుగొచ్చి గిన్నె ఎత్తి చూపిస్తాను.

నేను పుట్టుకతో ఇలాంటిదాన్ని కాను. తమిళుల ఈ ఊళ్ళోనే, చూలై పేటలో, మా నాన్న కొట్టు వెనకే మా పుట్టిల్లు. ముందు గదిలో బేరాలు, వెనక గదిలో సంసారం, మధ్యలో ఒక పాత పరదా. ఆ ఇంట్లో గొంతెత్తి అడగనివాళ్ళకి మారు అన్నం కూడా వచ్చేది కాదు. రహస్యమన్నది మా వంశంలో ఎవరికీ అచ్చిరాలేదు. మా అమ్మ ఇంటికొచ్చినవాళ్ళందరికీ నన్ను చూపించి, "దీని నోట్లో నువ్వుగింజ నానదు" అని ముందే హెచ్చరించేది. పెళ్ళై పెరంబూరు వచ్చాక కూడా ఆ పేరు నన్ను వదల్లేదు. నేనే నవ్వుతూ అందరికీ చెప్పుకున్నాను మరి.

ఇందులో పేర్లు లేవు. ఊళ్ళు కొన్ని మార్చాను, ఉద్యోగాలు మార్చాను. లైటు అని రాయబోతున్న వస్తువు నిజానికి లైటు కాకపోవచ్చు. ఇది చదివి తనని తాను గుర్తుపట్టకూడని మనిషి ఒకరున్నారు.

మాది పాత అపార్ట్‌మెంటు. అంతస్తుకి రెండే ఇళ్ళు, ఎదురెదురు తలుపులు. మా ఆయన రైలుపెట్టెలు చేసే చోట సమ్మెట మోతల మధ్య జీవితమంతా పనిచేసి, పెన్షన్‌తో పాటు ఈ చెవుడు కూడా ఇంటికి తెచ్చుకున్నారు. చెవికి మిషన్ ఉంది. పెట్టుకుంటే నా మాటలు వినాల్సి వస్తుందని సగం రోజు జేబులో ఉంచుకుంటారు. పిల్లలు లేరు మాకు. ఆయన పేపరు చదువుకుంటుంటే నేను కూరగాయలు తరుగుతూ మా అక్కతో మాట్లాడుకునేదాన్ని. అక్క పోయి చాలా ఏళ్ళైంది. అయినా మధ్యాహ్నం పూట వంటింట్లో ఆమెకి అన్నీ చెప్పుకోవడం నాకు అలవాటు. మోకాళ్ళ నొప్పి, వదినలు అన్న మాట, ఆయన మీద కోపం, పిల్లలు లేని దిగులు, అన్నీ. పైకే చెప్పేదాన్ని. ఎవరు వింటారులే అనుకునేదాన్ని.

ఎదురింట్లోకి ఆ జంట మూడేళ్ళ పాపతో అద్దెకి దిగారు. గోదావరి వైపు వాళ్ళు. అతను మనలిలో ఒక రసాయనాల ఫ్యాక్టరీలో ఇంజనీరు, మీటర్లూ సెన్సార్లూ చూసే పని. మర్యాదస్తుడు. మెట్ల మీద ఎదురైతే పక్కకి జరిగి నాకు దారి ఇచ్చేవాడు. మా నీళ్ళ క్యాను ఎన్నోసార్లు అడక్కుండానే మోసుకొచ్చి పెట్టాడు. గొంతు పెంచి మాట్లాడగా నేను ఒక్కసారీ వినలేదు. బిల్డింగులో మంచి అల్లుడెవరని ఓట్లు పెడితే అతనే గెలిచేవాడు, నా ఓటుతో సహా.

ఆ అమ్మాయి నన్ను పిన్నిగారూ అని పిలిచేది. మొదట్లో నా తెలుగు విని నవ్వు ఆపుకోలేకపోయేది.

"ఈడ కూర్చోమ్మా, ఆడ ఎండ కొడతా ఉండాది" అన్నాను మొదటిరోజు.

"మీది తెలుగేనా పిన్నిగారూ?" అంది, నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని.

"మీ గోదారోళ్ళకి దారి తెలవకముందే ఈ ఊరొచ్చి పాతుకున్నోళ్ళం. మాది తెలుగు కాకుండా ఏంది?" అన్నాను. ఆ రోజు నుంచి ఆ పిల్ల నాకు దగ్గరైపోయింది.

మొగుడి సంగతి ఆమె మొదట వింతలా చెప్పింది. "మా ఆయనకి అన్నీ ముందే తెలిసిపోతాయండి. వంకాయలు చేదొచ్చాయని పొద్దున మా అమ్మతో ఫోన్లో అన్నాను. సాయంత్రం వస్తూనే, ఈ రోజు వంకాయ వద్దులే అన్నారు." ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత అలాంటివి మరికొన్ని బయటపడ్డాయి. వాళ్ళక్కతో చెప్పుకున్న కష్టం, పాపకి అన్నం పెడుతూ విసుక్కున్న మాట, స్నానాల గదిలో తలుపేసుకుని ఏడ్చిన ఏడుపు. ఎందుకు ఏడ్చావని అతను అడిగేవాడట, నవ్వుతూ, ఎంతో మెత్తగా. కొట్టలేదు, తిట్టలేదు. అందుకే ఎవరికి చెప్పుకోవాలన్నా ఏమని చెప్పాలో ఆమెకి తెలీలేదు. ఇంట్లో ఏదో వింటోందని మాత్రం నమ్మకం కుదిరింది. అది తన ఫోనేనని అనుకుంది.

అప్పుడు నేనేమన్నానో కూడా రాయాలి. "అందరిళ్ళల్లో ఉండేదే తల్లీ, కొంచెం అడ్జస్ట్ చేసుకో. పెళ్ళాం మీద పిచ్చి ఉండే మొగుళ్ళు ఇట్లానే ఉంటారు" అన్నాను. పెద్దదాన్ని కదా, పెద్దరికం నోట్లోంచి అలవాటుగా వచ్చేసింది.

ఆ ఏడు నవరాత్రులకి ఆమె చేత మొదటిసారి బొమ్మల కొలువు పెట్టించింది నేనే. ఈ ఊళ్ళో నవరాత్రులంటే సగం భక్తి, సగం తాంబూలం సంచి. కొలువు చూడ్డానికి వచ్చిన ఆడవాళ్ళకి సుండల్, అంటే గుగ్గిళ్ళు, పెట్టి, ఆకూ వక్కా పసుపూ కుంకుమతో పాటు ఏదో ఒక వస్తువు సంచిలో వేసి పంపాలి. ప్లాస్టిక్ డబ్బా, స్టీలు గిన్నె, చిన్న ట్రే, ఏదైనా సరే. దాన్ని మనం వాడుకుంటామన్న ఆశ ఇచ్చినవాళ్ళకీ ఉండదు. అట్టపెట్టె విప్పకుండా పక్కన పెట్టి, మర్నాడు మనింటికొచ్చిన వాళ్ళ సంచిలో వేసేస్తాం. నేను ఒకసారి మా వదినకి ఇచ్చిన నెమలిబొమ్మ ట్రే ఊరంతా తిరిగి, మరుసటి ఏడు ఎవరో పుణ్యాత్మురాలి చేతి మీదుగా నా దగ్గరికే వచ్చింది. వెనక నేను గోకడం మర్చిపోయిన ధర కాగితం అట్లానే ఉంది. ఇందులో ఎవరికీ సిగ్గు లేదు. ఇచ్చిన వస్తువు ఎక్కడిదని అడగకపోవడమే మర్యాద.

ఒక సాయంత్రం మా చూలై వదినల్ని ఇద్దర్ని వెంటబెట్టుకుని, చెప్పాపెట్టకుండా ఆమె కొలువు చూడ్డానికి వెళ్ళాను. ఆమె దగ్గర సంచులు రెండే మిగిలాయి. అవి వదినలకిచ్చి, లోపలికెళ్ళి అలమరలు వెతికి, నా కోసం ఒక అట్టపెట్టె తెచ్చింది.

"మీరు మనవాళ్ళే కదా పిన్నిగారూ, ఏమీ అనుకోకండి. ఆయనకి ఆఫీసులో ఇచ్చారంట, వంటింట్లో పెట్టమని తెచ్చారు. మాకెందుకండీ, దేవుడి దగ్గర దీపం పెడుతూనే ఉన్నాగా" అని తాంబూలంతో పాటు నా చేతిలో పెట్టింది.

ప్లగ్గులో గుచ్చే చిన్న లైటు అది. తామరపువ్వు ఆకారం, గులాబిరంగు వెలుతురు. తాంబూలంలో వచ్చినవాటిలో నేను మళ్ళీ ఎవరికీ ఇవ్వకుండా ఉంచుకున్న వస్తువు అదొక్కటే. వంటింట్లో దేవుడి అలమర పక్కన ప్లగ్గులో పెట్టాను. అది రాత్రింబగళ్ళు వెలుగుతూనే ఉండేది.

పండగ వెళ్ళాక ఒకరోజు ఆమె మా వంటింట్లో కూర్చుని ఆ లైటు చూసి నవ్వింది. "విచిత్రం విన్నారా పిన్నిగారూ? ఇంట్లో ఒక స్పూను తగ్గినా అడిగే మనిషి, ఈ లైటేదని ఇంతవరకూ అడగలేదు. మీకిచ్చేశానని చెబితే ఏమంటారోనని అబద్ధం కూడా సిద్ధం చేసుకున్నాను" అంది. ఒక్క వస్తువైనా అతని లెక్కలోంచి తప్పించుకుంది కదా అని నేనూ నవ్వాను. ఆ నవ్వు కూడా అతను విన్నాడు.

ఆ తర్వాతే ఆమె మా వంటింట్లో మనసు విప్పి మాట్లాడటం మొదలుపెట్టింది. వచ్చేటప్పుడు ఫోను వాళ్ళింట్లోనే వదిలి, టీవీ పెట్టి వచ్చేది. మా గుమ్మం దాటగానే ఆమె భుజాలు కిందికి దిగేవి, నేను కళ్ళారా చూశాను. "మీ వంటింట్లో ఉన్నంతసేపే నేను మాట్లాడుతున్నానండి. అక్కడ నోరు కదుపుతాను, అంతే" అనేది. నాకు గర్వంగా కూడా ఉండేది. ఆ పిల్లకి ప్రపంచంలో భయం లేని చోటు ఒకటుంటే, అది నా ఉల్లిపాయ తొక్కల మధ్యే కదా అనుకునేదాన్ని.

ఆ రోజుల్లోనే మా ఆయన కొత్త పేచీ మొదలుపెట్టారు. భోజనానికి వంటింట్లోకి రాగానే చెవి పట్టుకునేవారు. "ఏమే, ఈ మూలకొస్తే చెవిలో ఏందో టకటకమని కొరకతా ఉండాది" అనేవారు. మిషన్ చెడిపోయిందని అమ్మినవాడి దగ్గరికి తీసుకెళ్ళాం. బాగానే ఉందన్నాడు. మళ్ళీ తీసుకెళ్ళాం, మళ్ళీ అదే మాట. పని తప్పించుకోవడానికి వంకలని నేను ఆయన్ని ఆడిపోసుకున్నాను. వంటింట్లో మిషన్ తీసి జేబులో పెట్టుకోమని చెప్పాను.

చివరికి ఆమె ఒక నిర్ణయానికొచ్చింది. వాళ్ళక్క పనిచేసే బడిలో టీచరు ఉద్యోగం, ఉండటానికి ఒక గది దొరుకుతాయి. పాపని తీసుకుని వెళ్ళిపోతుంది. "పాప లేకుండా నేను గుమ్మం కూడా దాటనండి. దాన్ని తీసుకెళ్ళగలిగితేనే వెళ్తాను" అంది. ఈసారి నేను అడ్జస్ట్ చేసుకోమని అనలేదు. ఆమె తన సర్టిఫికెట్లు, పాప గౌనులు నాలుగు, ఒక్కొక్కటే చున్నీ కింద దాచి తెస్తే, నా పట్టుచీరల కింద బీరువాలో పెట్టాను. సోమవారం అతను డ్యూటీకి వెళ్ళాక సెంట్రల్ స్టేషన్ నుంచి పొద్దుటి రైలు. ఆ రోజు ఏదో వాళ్ళక్కకి కూడా చెప్పలేదు, ఫోనంటే భయం కదా. తెలిసింది ఆమెకీ నాకే. మా ఆయనకి కూడా నేను చెప్పలేదు. నా నోట్లో నువ్వుగింజ నానింది, జీవితంలో మొదటిసారి.

ఆదివారం సాయంత్రం అతను పాపని బీచికి తీసుకెళ్తానని బయల్దేరాడు. మెట్ల దగ్గర నాకు కూడా చెయ్యి ఊపించాడు పాప చేత. తిరిగి ఒక్కడే వచ్చాడు.

సోమవారం పొద్దున మా తలుపు తట్టింది ఆమె. జుట్టు దువ్వుకుని, ప్రయాణం చీర కట్టుకుని ఉంది. కళ్ళలో నీళ్ళు లేవు. గుమ్మం బయటే నిలబడింది.

"పాప స్నేహితులింట్లో నిద్రపోయింది, పొద్దున్నే తెస్తానని రాత్రి నాతో అన్నారు. ఆయన వాళ్ళమ్మ నిన్ననే ఊర్నించి వచ్చి సెంట్రల్లో కాచుకుని ఉందంట. పాపని ఆమెతో పంపించేశారు. పొద్దున లేచి కాఫీ తాగుతూ, రైలుకి టైమవుతోంది వెళ్ళవా, అన్నారండి నన్ను" అంది.

"ఆయనకెట్లా తెలిసిందమ్మా?" అన్నాను.

"అదే నేనూ అడిగాను. ఎదురింట్లో మంచివాళ్ళు దొరకడం అదృష్టమన్నారు. మన కాపురం మీద ఆవిడకున్న శ్రద్ధ నీకు లేదన్నారు."

"నేను చెప్పలేదు తల్లీ. మా అక్క మీద ఒట్టు" అన్నాను.

"మీకూ నాకూ తప్ప ఎవరికీ తెలీదండి పిన్నిగారూ" అంది. ఆ గారూ అన్న మాటలో కూడా మర్యాద తగ్గలేదు. వెనక వాళ్ళ హాల్లో అతను పేపరు చదువుకుంటూ కనిపించాడు. నన్ను చూసి తలూపి నమస్కారం పెట్టాడు. ఆమె లోపలికెళ్ళి తలుపేసుకుంది.

ఆ నెలలోనే వాళ్ళు ఇల్లు ఖాళీ చేశారు. అతను తన ఊరి దగ్గరే వేరే ఉద్యోగం చూసుకున్నాడట. పిల్ల అక్కడుంటే తల్లి ఎక్కడికి పోతుంది, ఆమె వెంటే వెళ్ళింది. లారీలోకి సామాను ఎక్కిస్తుంటే నేను కిటికీలోంచి చూశాను. ఆమె తలెత్తి మా వైపు చూడలేదు. సర్టిఫికెట్లు, గౌనులు నా బీరువాలోనే ఉండిపోయాయి. ఏ విలాసానికి పంపాలో తెలీదు. నన్ను నేనే అనుమానించడం మొదలుపెట్టాను. కూరగాయల బండి దగ్గర ఏమైనా అన్నానా? వదినలతో ఫోన్లో నోరు జారానా? మా అమ్మ నా గురించి చెప్పిందే నిజమేమో అనిపించేది.

వాళ్ళు వెళ్ళాక కూడా మా ఆయన చెవిలో ఆ టకటక ఆగలేదు. ఒకరోజు నేను కొబ్బరి రుబ్బుతానంటే, రెండో ప్లగ్గు కాలిపోయి ఉందని, ఆయన లైటు పీకి అక్కడ మిక్సీ పెట్టారు. చెయ్యి అట్లానే గాల్లో ఆగిపోయింది. "ఆగిపోయిందే" అన్నారు. మిక్సీ తీసి మళ్ళీ లైటు పెట్టారు. కాసేపు చూసి చెవి పట్టుకున్నారు. మళ్ళీ పీకారు. నా కొబ్బరి ఎండిపోతున్నా పట్టించుకోకుండా స్క్రూడ్రైవరు తెచ్చి తామరరేకులు విప్పారు. లోపల గోరంత పచ్చ పలక, దానికి నలుసంత ఏదో గుండ్రటిది, పక్కన మన ఫోన్లలో ఉండేలాంటి సిమ్ము.

స్టేషను దగ్గర సెల్‌ఫోన్లు బాగుచేసే అతని దగ్గరికి పట్టుకెళ్ళాం. అతను చూడగానే తమిళంలో చెప్పాడు. ఈ నెంబరుకి ఎక్కడ్నించైనా ఫోన్ చేస్తే చాలంట. ఇది మోగదు, ఎవరూ ఎత్తక్కర్లేదు, గదిలో మాటలన్నీ అటు వినిపిస్తాయి. అలా ఫోన్ నడుస్తున్నంతసేపూ దగ్గర్లో ఉన్న చెవి మిషన్‌లో టకటకమంటుందంట. ఆన్‌లైన్లో ఎవరైనా కొనుక్కోవచ్చంట. "ఎక్కువ మొగుళ్ళే కొంటారమ్మా" అని, మా ఆయన వైపు అదోలా చూశాడు. చెవిటి ముసలాయన నన్ను వినడానికి ఇంత ఖర్చు పెడతాడా అని ఇంకోరోజైతే నవ్వేదాన్ని. ఆ రోజు షాపు మెట్టు మీదే కూర్చుండిపోయాను. గోడలకి చెవులుంటాయని మా అవ్వ చెప్పింది. చెవుల్ని చేతులారా తాంబూలంలో పెట్టి ఇస్తారని, మనం కళ్ళకద్దుకుని తెచ్చుకుంటామని చెప్పలేదు.

ఇంటికొచ్చాక అంతా ఒక వరసలో కనిపించింది. అతను ఫోన్ చేసి ఉంటాడు. తన ఇల్లు కాకుండా మా ఇల్లు వినిపించి ఉంటుంది. నా గిన్నెల చప్పుడు, నా గొంతు. మొదట తిట్టుకునే ఉంటాడు. తర్వాత ఆ వంటింట్లోకి తన భార్యే వచ్చి కూర్చుని, తన ఇంట్లో ఎన్నడూ మాట్లాడని మాటలు మాట్లాడటం విని ఉంటాడు. ఇక లైటేదని ఎందుకడుగుతాడు?

పోలీసులకి చెబుదామని ఆయనతో అన్నాను. "ఆ పిల్ల వాడి చేతిలోనే ఉండాది కదే. మనం ఈడ గోల చేస్తే ఆడ ఆమె మీద పడతాడు" అన్నారు. అయినా నేను ఊరుకోలేకపోయాను. లైటు మళ్ళీ బిగించి ప్లగ్గులో పెట్టమన్నాను. వాళ్ళు వెళ్ళిపోయాక కూడా అతను వింటున్నాడంటే, ఆమె నాకు ఫోన్ చేస్తుందేమోనని కాపలా కాస్తున్నట్టే. మధ్యాహ్నం పూట ఆయన్ని మిషన్ పెట్టుకుని స్టూలు మీద కూర్చోమన్నాను. మూడో రోజో నాలుగో రోజో ఆయన చెవి మీద చెయ్యి వేసుకుని, చిన్నగా తలూపారు.

"ఉండాడు" అన్నారు. "వింటా ఉండాడు."

చూలై కొట్లలో నేర్చుకున్న తిట్లన్నీ నాలుక చివర పెట్టుకుని కూర్చున్నాను. తీరా ఆ గులాబిరంగు వెలుతురు ముందు నోరు తెరిస్తే, అందులో ఒక్కటీ రాలేదు. "బాబూ, నేను ఎదురింటి పిన్నిని. పిల్లని తల్లి నుంచి దూరం పెట్టొద్దు నాయనా. నీకు దండం పెడతాను" అన్నాను. నిజంగానే రెండు చేతులూ జోడించాను, దానికి కళ్ళు లేవని తెలిసి కూడా. వంటింట్లో కుక్కరు తప్ప ఇంకే చప్పుడూ లేదు. ఆయన చెవి మీంచి చెయ్యి తీశారు.

"పోయినాడు" అన్నారు.

ఆ తర్వాత ఆ టకటక మళ్ళీ ఎప్పుడూ రాలేదు. లైటుని ఆయన సుత్తితో పగలగొట్టి కూవం కాలవలో పారేసి వచ్చారు. పారేస్తే ఏం, ఇల్లు మాత్రం మళ్ళీ మాది కాలేదు. ఏ మూలన కూర్చున్నా ఎవరో శ్వాస బిగబట్టి వింటున్నట్టే ఉంటుంది. ప్లగ్గులన్నీ విప్పించాను. దేవుడి పటాలు తిప్పి చూశాను. నెలలపాటు అతను ఏమేం విన్నాడో ఒక్కొక్కటే గుర్తుకొస్తూ ఉంటుంది. మా అక్కకి చెప్పుకున్నవన్నీ విన్నాడు. పిల్లలు లేని దిగులు గురించి నేను పైకి ఏడ్చిన రోజు, అతను మనలిలో టీ తాగుతూ విని ఉండొచ్చు. ఆ సాయంత్రమే మాకు నీళ్ళ క్యాను మోసుకొచ్చి ఉండొచ్చు. అక్కతో మాట్లాడటం నేను మానేశాను. చనిపోయిన మనిషి అన్నేళ్ళు నాతో ఉంటే నాకెప్పుడూ భయం వెయ్యలేదు. బతికున్న అతనే నా వంటింట్లో దెయ్యమై కూర్చున్నాడు.

ఆమె కనిపిస్తే ఈ సంగతంతా చెప్పాలని ఎన్నిసార్లు అనుకున్నానో. అద్దం ముందు కూడా చెప్పుకునేదాన్ని, పెదాలు మాత్రం కదుపుతూ. నేను కాదమ్మా, లైటమ్మా అని. ఆ ఒక్క మాట చెప్పేస్తే నా గుండె మీద బరువు దిగిపోతుందనుకున్నాను.

మూడేళ్ళ తర్వాత ఒక మధ్యాహ్నం తలుపు తీస్తే ఆమె నిలబడి ఉంది. చిక్కిపోయింది, జుట్టు కత్తిరించుకుంది. పక్కన, ఆమెకి ఒక అడుగు దూరంగా, పాప. బాగా పొడుగైంది. తల్లి చెయ్యి అందించినా పట్టుకోలేదు. లోపలికి వచ్చి కూడా తల్లి పక్కన కాకుండా ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చుంది.

ఆయన పలకరించబోయి, నా మొహం చూసి ఊరుకున్నారు. నేను బీరువాలోంచి సర్టిఫికెట్ల సంచి తెచ్చి ఇచ్చాను. ఆమె అందులో గౌనులు కూడా చూసి, మళ్ళీ మడిచి పెట్టేసింది.

పాపని చల్లటి నీళ్ళ కోసం ఆయనతో వంటింట్లోకి పంపి, ఆమె మెల్లగా చెప్పింది. కోర్టు చుట్టూ తిరిగి తిరిగి పోయిన నెలలోనే పాప దక్కింది. కానీ పాప దగ్గరికి రావడం లేదు. "అమ్మ నిన్ను వదిలేసి రైలెక్కి వెళ్ళిపోబోయింది, మేమే ఆపాం అని వాళ్ళ నానమ్మ మూడేళ్ళు చెప్పింది పిన్నిగారూ. నేనెంత చెప్పినా నమ్మదు. ముట్టుకోనివ్వదు" అంది.

నేను ఆమెకి దగ్గరగా కుర్చీ జరుపుకున్నాను.

"మీ మీద కోపంతో రాలేదండి. ఎక్కడ తప్పు చేశానా అని నన్ను నేనే తవ్వుకుంటూ ఉంటాను. ఫోన్లో ఏమైనా అన్నానా, పాప ముందు నోరు జారానా, నా చేతులారా నేనే ఏదైనా చేసి దాన్ని పోగొట్టుకున్నానా అని. నా వల్లే అని తేలితే నేను బతకలేనండి. చివరికి మీ దగ్గరికొచ్చి ఆగుతాను. పెద్దావిడ, మన మంచికేనని చెప్పేసి ఉంటారు అనుకుంటాను. అప్పుడు కాస్త నిద్ర పడుతుంది" అంది. తర్వాత నా చెయ్యి పట్టుకుంది. "ఆ రోజు లేదని ఒట్టేశారు. పోనివ్వండి. ఒక్కసారి దానికి మీరు చెప్పండి. నేను దాన్ని వదిలి వెళ్ళలేదని, దాన్ని తీసుకునే వెళ్ళబోయానని. బయటివాళ్ళు చెబితే నమ్ముతుందేమో."

మూడేళ్ళుగా దాచుకున్న మాట నా గొంతు దాకా వచ్చింది. కొలువు, అట్టపెట్టె, తామరపువ్వు, అన్నీ వరసగా వచ్చాయి. ఇంకొక్క క్షణం ఆగితే చెప్పేసేదాన్ని. ఆమె చెయ్యి నా చేతి మీదే ఉంది. తాంబూలం ఇచ్చిన చెయ్యి అదే.

పాప గ్లాసుతో తిరిగొచ్చి నా ఎదురుగా నిలబడింది. నా వైపు చూసి, "ఈవిడేనా?" అని తల్లిని అడిగింది. తల్లి తలొంచుకుంది.

"నేనే తల్లీ" అన్నాను. చాలా కాలం తర్వాత నా ఇంట్లో నేను గట్టిగా మాట్లాడాను. "మీ అమ్మ నిన్ను వదల్లేదు. నువ్వు లేకుండా గుమ్మం కూడా దాటనని నాతో చెప్పింది. ఇవిగో నీ గౌనులు, నీ కోసమే నా దగ్గర దాచింది. నేనే మీ నాన్నకి చెప్పేశాను. నా నోట్లో ఏ మాటా ఆగదు. తప్పంతా నాదే, మీ అమ్మది కాదు."

ఆమె రెండు చేతుల్లో మొహం కప్పుకుంది. వంటింటి గుమ్మంలో మా ఆయన, చెవికి మిషన్ పెట్టుకుని, అంతా విని, నన్నే చూస్తూ నిలబడ్డారు.

పాప నన్ను చాలాసేపు చూసింది. దాని కళ్ళలో నా మీద అసహ్యం, తర్వాత భయం కనిపించాయి. ఒక్కో అడుగే వెనక్కి వేసి వాళ్ళమ్మని తగిలింది. తగిలి, తిరిగి చూడకుండానే, వాళ్ళమ్మ చున్నీ కొస పిడికిట్లో గట్టిగా పట్టుకుంది.